క్లెమెన్స్ కొంగకు పాస్‌పోర్టు

పోలండ్ దేశంలో కొంగలు ఏటా ఆగస్టు నెలాఖరున ఆఫ్రికాకు వెళ్లిపోయి, మార్చి చివర్లో తిరిగి వస్తాయి. ఇది ఎన్ని వేల ఏళ్లుగా జరుగుతోందో ఎవరికీ తెలియదు. ఇది నిబంధనలకు విరుద్ధమన్న సంగతి మాత్రం 1963 ఆగస్టులో బయటపడింది.

దాన్ని బయటపెట్టిన ఘనత జెనోన్ మిఖాలిక్‌ది. తోరున్ పట్టణంలోని పిల్లల ప్రచురణల పరిశీలన కార్యాలయంలో అప్పుడే చేరిన ఇన్‌స్పెక్టరు ఆయన. అంతకుముందు పద్దెనిమిదేళ్లు ధాన్యం గిడ్డంగిలో గోధుమల తేమ కొలిచే ఉద్యోగం చేశాడు. కొత్త ఉద్యోగంలో చేరిన రోజున ఆయనకు 'బొంగరం' అనే పిల్లల వారపత్రిక పాత సంచికలు ఒక గోతాం నిండా ఇచ్చి, చదువుకోమన్నారు. ఆయన ఒక్క సంచిక వదలకుండా, పెన్సిలు పట్టుకుని, మూడు వారాలు చదివాడు.

ఆ పత్రికలో చివరి రెండు పేజీలూ యాద్విగా సోవా అనే చిత్రకారిణివి. యాద్విగా తండ్రి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఆమెకు అక్షరాలు రాకముందే కుంచె పట్టుకోవడం వచ్చింది. యుద్ధం అయిపోయాక, ఇరవై మూడేళ్ల వయసులో, ఆస్పత్రి మంచాలకు నంబర్లు వేసే పనిలో కుదిరింది. పిల్లల వార్డులో అంకెలు రానివాళ్లు ఉంటారు కదా అని అక్కడ నంబరు పక్కన ఒక్కో బొమ్మ కూడా వేసింది. పదమూడో మంచానికి వేసిన కొంగకు, ఎందుకో, వెయిస్ట్‌కోటు తొడిగింది. ఆ మంచం నాకంటే నాకని పిల్లలు జ్వరంలోనే పోట్లాడుకున్నారు. 'బొంగరం' సంపాదకుడు ఫెలిక్స్ దుదెక్ తన కూతురిని ఆ వార్డులో చేర్పించడానికి వచ్చి, ఆ కొంగను చూసి, వేసిన మనిషి ఎవరని వాకబు చేశాడు.

ఆ కొంగే క్లెమెన్స్. మన పొలాల్లో కనిపించే కొంగకు పెద్దన్న లాంటి పక్షి. పొడుగాటి ఎర్ర కాళ్లు, పొడుగాటి ఎర్ర ముక్కు, మూడు గుండీల పచ్చ వెయిస్ట్‌కోటు. రొట్టెలు కాల్చే ఒక ముసలామె ఇంటి పొగగొట్టం మీద కాపురం. వేసవంతా ఊళ్లో అందరి పనుల్లోనూ సాయానికి దిగి, ఆ పనులు చెడగొట్టేవాడు. ఆగస్టు చివరి సంచికలో అందరికీ రెక్క ఊపి ఆఫ్రికాకు ఎగిరిపోయేవాడు. చలికాలమంతా అక్కడ మొసళ్లతో తగువులు, నీటిగుర్రాలతో స్నేహాలు. మార్చిలో తిరుగు ప్రయాణం. బయట మోకాలి లోతు మంచు పడి ఉన్నప్పుడు పిల్లలు ఆ రెండు పేజీలూ తెరిచి, యాద్విగా వేసిన ఎండను చూసేవాళ్లు. పన్నెండేళ్లు అలాగే సాగింది.

యాద్విగా మాత్రం ఆఫ్రికా చూడలేదు. సముద్రమే ఒక్కసారి చూసింది. అదీ వానలో.

కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చిన రోజున ఫెలిక్స్ ఆమెను తన గదిలోకి పిలిచాడు. ఆయన నెమ్మదస్తుడు, కడుపులో మంట ఉన్న మనిషి. చదవడానికి ముందు ఒక సోడా బిళ్ల వేసుకున్నాడు.

"మీ పత్రికయందు ప్రముఖముగా కానవచ్చు క్లెమెన్స్ అను పౌరుడు 1951వ సంవత్సరము మొదలు ఏటేటా తగిన ప్రయాణ పత్రములు లేకుండ రాజ్య సరిహద్దును అతిక్రమించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. సదరు పౌరుడు రానుపోను కలిపి ఇరువది నాలుగు పర్యాయములు ఇట్టి ఉల్లంఘనకు పాల్పడినాడు. వారము దినములలో సంజాయిషీ ఇయ్యనిచో పత్రికకు కాగితపు కేటాయింపు విషయము పునఃపరిశీలింపబడును."

చదివాక ఇంకో బిళ్ల వేసుకున్నాడు.

"ఇదేదో వేళాకోళం అయి ఉంటుంది," అంది యాద్విగా.

"మూడు ముద్రలున్నాయమ్మా. వేళాకోళానికి ఒకటి చాలు."

కాగితం ఇవ్వకపోతే పత్రిక లేదు. పత్రిక లేకపోతే ఫెలిక్స్‌తో పాటు పదకొండు మందికి పని లేదు. యాద్విగా కోటు వేసుకుని కార్యాలయానికి బయలుదేరింది.

జెనోన్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు.

"కొంగలు ఆఫ్రికా వెళ్తాయండీ," అంది యాద్విగా. "అది నేను కల్పించింది కాదు."

"కొంగలు వెళ్లడం మీద మాకు అభ్యంతరం లేదు, కామ్రేడ్. అవి పక్షులు. పక్షుల సంగతి వ్యవసాయ శాఖ చూసుకుంటుంది. కానీ ఈయన వెయిస్ట్‌కోటు వేసుకున్నాడు."

"వేసుకుంటే ఏమైంది?"

జెనోన్ సొరుగులోంచి ఒక సర్క్యులర్ తీసి చదివాడు. "బాల సాహిత్యమందు మాటలాడునట్టియు, స్థిర నివాసము కలిగినట్టియు, గుండీలు గల దుస్తులు ధరించునట్టియు ఏ జీవియైనను పౌరునిగా పరిగణింపబడవలెను." కాగితం కింద పెట్టాడు. "మాట్లాడతాడు. పొగగొట్టం మీద నివాసం ఉంది. గుండీలు మూడు. ప్రతి సంచికలోనూ చూశాను, మూడే."

"అయితే వెయిస్ట్‌కోటు తీసేస్తాను."

జెనోన్ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"పన్నెండేళ్లు పౌరుడిగా ఉన్న మనిషి, లక్షా ఎనభై వేల మంది పిల్లల ముందు, తన పౌరసత్వాన్ని విప్పి పారేశాడంటారు. అది సరిహద్దు దాటడం కన్నా పెద్ద నేరం. మీ మేలు కోరి చెబుతున్నాను. ఆ మాట మీరు అనలేదు, నేను వినలేదు."

"మరి నన్నేం చేయమంటారు?"

"చాలా సులువు. ఆయన చేత పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టించండి."

జెనోన్‌కు హాస్యం తెలియదని కాదు. ఎవరైనా తమాషా చేస్తే నవ్వేవాడు. కానీ ఇది తమాషా అని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పాస్‌పోర్టు కార్యాలయంలో స్టెఫానియా అనే నడివయసు గుమాస్తా ఫారం నింపింది. ఆ రోజు ఆమె అప్పటికే నలభై ఫారాలు చూసి ఉంది. దరఖాస్తుదారు కొంగ అన్నప్పుడు తల కూడా ఎత్తలేదు.

"ఎత్తు?"

"మీటరు."

"కళ్లు?"

"నలుపు."

"ప్రత్యేకమైన గుర్తులు?"

"ముక్కు."

"ప్రయాణ కారణం?"

"చలి."

స్టెఫానియా కలం ఆపింది. "చలి కారణం కాదమ్మా. చలి అందరికీ ఉంది. అందరూ అదే రాసుకుంటూ పోతే ఇక్కడ మిగిలేదెవరు?" కొట్టేసి, 'వ్యక్తిగతం' అని రాసుకుంది. "ఇక్కడ ఉండిపోయే కుటుంబ సభ్యులు?"

"ఎవరూ లేరు. ఒంటరివాడు."

"ఒంటరివాళ్లకు కష్టం," అంది స్టెఫానియా, నిజంగానే జాలిపడి. "ఫొటో ఇవ్వండి."

యాద్విగా బొమ్మ ఇచ్చింది. స్టెఫానియా దాన్ని దీపం కిందికి జరిపి చూసింది.

"ఎడమ చెవి కనబడటం లేదు."

"కొంగలకు చెవి బయటికి కనబడదండీ. ఈకల కింద ఉంటుంది."

"కనబడాలి. నిబంధన."

"లేని చెవి వేయమంటారా?"

"నేను ఏమీ అననమ్మా. చెవి వేస్తే కొంగ కాదంటారు. వేయకపోతే ఫొటో కాదంటారు. నా దగ్గర ఉన్నవి రెండే స్టాంపులు." రెండింటినీ చూసి, చిన్నగా నిట్టూర్చి, 'తిరస్కరించబడినది' అన్న దాన్ని తీసి వేసింది.

ఆ సాయంత్రం ఫెలిక్స్ సర్దిచెప్పబోయాడు. "ఉండిపోనీ యాద్విగా. ఒక్క చలికాలమే కదా."

"కొంగలు చలికి బతకవు, ఫెలిక్స్ గారూ."

"బొమ్మే కదా."

"బొమ్మే. కానీ వేయాల్సింది నేను కదా."

అలా క్లెమెన్స్ ఆ ఏడు ఆగిపోయాడు. కార్యాలయం చాలా సంతోషించింది. జెనోన్ స్వయంగా ఆ పేజీలకు 'మన గడ్డ మీద మన కొంగ' అని పేరు పెట్టి, బొమ్మల కింద రావలసిన వాక్యాలు టైపు చేయించి పంపాడు. 'స్వదేశపు చలి ఎంతో ఆరోగ్యకరము.' 'మంచు తీయుటలో ఎంత ఉత్సాహము.'

ఎదురుతిరగాలన్న ఆలోచన యాద్విగాకు లేదు. కాకపోతే ఆమెకు అబద్ధం వేయడం చేతకాదు. ఆరోగ్యకరమైన చలి గురించిన వాక్యం పైన, క్లెమెన్స్ ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని వెయిస్ట్‌కోటులో దాచుకున్నాడు. ఉత్సాహం గురించిన వాక్యం పైన, గడ్డకట్టిన చెరువును ముక్కుతో తట్టి, కప్పలు ఇంట్లో ఉన్నాయా అన్నట్టు చెవి ఒగ్గి వింటున్నాడు. నవంబరు మూడో వారంలో కాళ్లు ఎరుపు తగ్గి నీలం తిరిగాయి. తిండి కోసం దుకాణం ముందు వరసలో నిలబడ్డట్టు వేస్తే, మన దేశంలో వరసలు లేవని జెనోన్ మిగిలిన వాళ్లందరినీ చెరిపించాడు. దాంతో మూసి ఉన్న దుకాణం ముందు, మంచు కురుస్తుండగా, క్లెమెన్స్ ఒక్కడే మిగిలాడు.

ఆ వారం యాద్విగా ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని, కాళ్ల మీద దుప్పటి కప్పుకోవడానికి కూడా మొహమాటపడింది.

మొదటి మేజోళ్లు డిసెంబరు మొదట్లో వచ్చాయి. పంపింది హన్కా అనే రెండో తరగతి పాప. ఎర్ర ఉన్నితో అల్లినవి, ఒక్కొక్కటి మూరన్నర పొడుగు. లోపల చీటీ ఉంది: 'క్లెమెన్స్ గారికి. మా అమ్మమ్మ అల్లింది. మీ కాలు లావు తెలియక చీపురుకర్రకు కొలిచాం.'

యాద్విగా ఆ చీటీని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకుంది. మర్నాడు ఆరు జతలు వచ్చాయి. ఆ వారాంతానికి తపాలా బండి 'బొంగరం' ఆఫీసుకు విడిగా రావలసి వచ్చింది. క్రిస్మస్ నాటికి నాలుగు వేల జతలు. పాఠకుల ఉత్తరాలు పరిశీలించే బాధ్యత కార్యాలయానిది కాబట్టి, ఫెలిక్స్ వాటన్నిటినీ నిబంధన ప్రకారం జెనోన్ గదికి పంపేశాడు. జెనోన్ కిటికీలోంచి వెలుతురు రావడం మానేసింది.

ఆయన పై అధికారి డైరెక్టరు అంబ్రోజి. డైరెక్టరుకు పంపిన నివేదికలో జెనోన్ ఇలా రాశాడు: 'చిన్నారి పౌరుల అసంతృప్తి ఉన్ని రూపమున వ్యక్తమగుచున్నది.' డైరెక్టరు ఆదేశం వెంటనే వచ్చింది: క్లెమెన్స్‌కు సరిపడినన్ని మేజోళ్లు అందినట్లు బొమ్మ ద్వారా ప్రకటించవలెను. యాద్విగా మేజోళ్లు వేసుకున్న క్లెమెన్స్‌ను వేసింది. పిల్లలు కాళ్ల గురించి కుదుటపడి, మెడ వైపు చూశారు. కొంగ మెడ పొడుగు ఎంతో మీకు తెలుసు. మఫ్లర్లు రావడం మొదలైంది.

జనవరి మొదటివారంలో వాణిజ్య శాఖ నుంచి డైరెక్టరుకు ఫోను వచ్చింది. మూడు జిల్లాల్లో ఎర్ర ఉన్ని దొరకడం లేదు, బాధ్యులెవరు అని. డైరెక్టరు అత్యవసర సమావేశం పెట్టి, క్లెమెన్స్‌కు చలి వేయడం లేదని డాక్టరు సర్టిఫికెట్ తెచ్చి పత్రికలో వేయమన్నాడు. జెనోన్ పశువైద్యుడి దగ్గరికి వెళ్లాడు. గుండీలున్నవాళ్లను నేను చూడను అన్నాడాయన. మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన బొమ్మ చూసి, "మేజోళ్లు తడిగా ఉన్నట్టున్నాయి. వెంటనే మార్పించండి," అని మందు కూడా రాసిచ్చాడు.

ఆ మందుల చీటీతో జెనోన్ కార్యాలయానికి తిరిగివచ్చేసరికి మెట్ల మీద ముప్ఫై ఒక్క మంది పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ల పంతులమ్మ ఒక పక్కగా నిలబడి, తనకేమీ సంబంధం లేనట్టు ముఖం పెట్టడానికి ప్రయత్నిస్తోంది. కింద మంచు మీద జారే బండి ఒకటి, నిండా గడ్డి పరిచి ఉంది. పిల్లల్లోంచి ఒక పాప లేచింది. హన్కా.

"క్లెమెన్స్ గారిని తీసుకెళ్లడానికి వచ్చామండి. మా బడి బాయిలరు గదిలో చోటు చేశాం."

క్లెమెన్స్ బొమ్మ మాత్రమే అనడానికి వీల్లేదు. అతను పౌరుడని కార్యాలయమే లిఖితపూర్వకంగా చెప్పి ఉంది.

"ఆయన ఇక్కడ లేరు పాపా."

"ఎక్కడున్నారు?"

"మంచులో... మంచులో ఉన్నారు."

"ఆఫ్రికా ఎందుకు వెళ్లనివ్వలేదు?"

"పాస్‌పోర్టు లేదు."

"ఎందుకివ్వలేదు?"

ఈ ప్రశ్నకు జెనోన్ దగ్గర తయారుగా జవాబు ఉంది. అందరూ అదే చెబుతారు కాబట్టి ఆయన కూడా చెప్పాడు. "వెళ్లినవాళ్లంతా తిరిగి రారు పాపా. అందుకని జాగ్రత్తపడాలి."

హన్కా అర్థం కానట్టు చూసింది. "ఆయన వస్తాడు కదండీ. మా అన్నయ్య పాత పుస్తకాలన్నీ మా ఇంట్లో ఉన్నాయి. పన్నెండుసార్లు వెళ్లాడు. పన్నెండుసార్లూ వచ్చాడు."

పిల్లలకు టీ తెప్పించి, ఒక్కొక్కరికి ఒక మఫ్లరు ఇచ్చి పంపేశాక, జెనోన్ తన ఫైలు తీశాడు. ఇరవై నాలుగు ఉల్లంఘనలు. వాటిలో పన్నెండు, స్వదేశానికి తిరిగి రావడం. ఇంటికి రావడాన్ని పన్నెండుసార్లు నేరం కింద రాసినవాడు తనే. తర్వాత కొత్త నివేదిక రాశాడు. ఈసారి టైపు చేయించకుండా చేత్తోనే రాశాడు.

డైరెక్టరు అంబ్రోజికి అది విపరీతంగా నచ్చింది.

"నూటికి నూరు," అన్నాడు సమావేశంలో బల్ల మీద తడుతూ. "అవకాశముండి కూడా, ఎండను, ఆహార సమృద్ధిని త్యజించి, పన్నెండు పర్యాయములు మాతృభూమికి తరలివచ్చిన పౌరుడు. మన సాంస్కృతిక బృందాలు కూడా ఇంత శాతం చూపించలేదు. కామ్రేడ్స్, ఇది ఆదర్శము. ఈ పౌరునికి పాస్‌పోర్టు తక్షణమే మంజూరు కావలెను."

మంజూరైంది. కానీ చెవి ఇంకా రాలేదు. స్టెఫానియా యాద్విగాను పిలిపించింది. ఆమె రెండు రోజులుగా నిబంధనల పుస్తకం తిరగేస్తూ ఉన్నట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"దొరికిందమ్మా. ఆయన పుట్టింది 1951 అన్నారు కదా పత్రికలో. అంటే పన్నెండేళ్లు. మైనరు. మైనర్లకు విడిగా పాస్‌పోర్టు ఉండదు. సంరక్షకుల దాంట్లో ఒక వరస రాస్తాం. దానికి ఫొటో అక్కర్లేదు. చెవీ అక్కర్లేదు."

"సంరక్షకులు ఎవరు?"

"మీరే కదా."

"నాకు పాస్‌పోర్టు లేదండీ. ఎప్పుడూ అడగలేదు. ఇవ్వరని."

"ఇవ్వాలి మరి," అంది స్టెఫానియా. "లేకపోతే ఆయన్ని ఎందులో రాయను? పైగా మైనరు ఒంటరిగా వెళ్లకూడదు. మీరు తోడు వెళ్లాలి. డైరెక్టరు గారి ఉత్తర్వు." రెండో స్టాంపు తీసింది. అది చాలా కాలంగా వాడనట్టుంది, సిరా అంటుకోవడానికి మూడుసార్లు అద్దవలసి వచ్చింది.

యాద్విగా వసారాలో బల్ల మీద కూర్చుని ఆ చిన్న పుస్తకాన్ని తెరిచింది. మొదటి పేజీలో తన పేరు. నాలుగో పేజీలో: 'వెంట: క్లెమెన్స్. ఎత్తు ఒక మీటరు.' ఆమె నలభై ఏళ్ల మనిషి. ఆ వసారాలో ఫారాలు పట్టుకుని నిలబడ్డవాళ్లందరి ముందూ ఏడ్చింది. కారణం ఎవరూ అడగలేదు. అక్కడ ఏడవడం మామూలే.

ఫిబ్రవరిలో గ్దీనియా రేవు నుంచి సిమెంటు తీసుకుపోయే ఓడలో ఆమెకు చోటు దొరికింది. పదహారు రోజులు. అలెగ్జాండ్రియాలో అధికారి పాస్‌పోర్టు చూసి, పిల్లవాడు ఏడని అడిగాడు. ఆమె బొమ్మల పుస్తకం తెరిచి చూపించింది. అతను పాస్‌పోర్టునూ, బొమ్మనూ మార్చి మార్చి చూసి, లోపలికి వెళ్లి పై అధికారిని పిలుచుకొచ్చాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఇంకాసేపు చూసి ఏదో అన్నాడు. వెంట వచ్చిన ఓడ వంటవాడు దాన్ని యాద్విగాకు చెప్పాడు.

"ఇతనా, ఇతన్ని ఆపుతావేంటి, ఇతను ఏటా వస్తాడు అంటున్నాడమ్మా."

ముద్ర పడింది.

నైలు ఒడ్డు బురదలో ఆమె కొంగలను చూసింది. వేలకు వేలు. ఒక్కదానికీ వెయిస్ట్‌కోటు లేదు. ఎండ తను వేస్తూ వచ్చినట్టు పసుపుగా లేదు, తెల్లగా ఉంది. నీడలు పొట్టిగా, నీలంగా ఉన్నాయి. పన్నెండేళ్లు తప్పు వేశానని ఆమెకు బాధ కలగాలి. కలగలేదు. టోపీ వెనక్కి నెట్టుకుని, ఆరు పుస్తకాలు నిండేదాకా కొత్తగా వేసింది. ఆ పేజీలు తపాలాలో వచ్చినప్పుడు ఫెలిక్స్ ఆఫీసులో అందరినీ పిలిచి చూపించాడు. పిల్లల నుంచి మేజోళ్లు రావడం ఆగిపోయింది. అప్పటిదాకా వచ్చిన వాటిని ఆస్పత్రులకు పంచారు. ఆ ఏడు పొడుగు కాళ్ల రోగులకు బాగా జరిగింది.

మార్చి ముప్ఫైన ఆమె రైలు దిగేసరికి స్టేషన్‌లో జెనోన్ నిలబడి ఉన్నాడు, చేతిలో నోటు పుస్తకంతో.

"ఇద్దరూ వచ్చారా?"

"వచ్చామండీ."

రాసుకున్నాడు. తేదీ వేశాడు. తర్వాత ఆ బొమ్మల పుస్తకాలు పరిశీలన నిమిత్తం ఒకసారి చూడాలన్నాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, ఒక్కో పేజీ తిప్పాడు. రెండు రైళ్లు వచ్చి వెళ్లాయి. జేబులో ఉన్న ఎర్ర పెన్సిలు ఆయన తీయలేదు.

"నేను పోజ్నాన్ దాటి వెళ్లలేదు," అన్నాడు చివరికి, పుస్తకాలు తిరిగి ఇస్తూ.

వారం తర్వాత ఆయన యాద్విగా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన కోటు, కొత్తగా కత్తిరించుకున్న జుట్టు. చేతిలో ఒక సర్క్యులర్ ముసాయిదా. 'మైనరు పౌరుల విదేశ ప్రయాణమందు బాధ్యత గల అధికారి యొకరు తోడుండుట మిక్కిలి వాంఛనీయము.'

"ఎవరా అధికారి?" అని అడిగింది యాద్విగా.

జెనోన్ కిటికీ వైపు చూశాడు. "చిన్న పాత్ర చాలండి. మాటలు లేకపోయినా ఫరవాలేదు. వచ్చే ఆగస్టు నుంచి."

"పక్షేనా?"

"పక్షి అయితేనే మంచిది."

"ఏ పక్షి?"

ఆ సంగతి ఆయన ఇంటి దగ్గరే ఆలోచించుకుని వచ్చినట్టుంది. "నాకు పక్షుల గురించి పెద్దగా తెలియదు. ఎక్కువ దూరం ఎగరగలిగేది ఏదైనా."

యాద్విగా పెన్సిలు చెక్కి, వెలుతురు పడేచోట నిలబడమంది. జెనోన్ వెళ్లి నిటారుగా నిలబడ్డాడు. చేతులు ముందు కట్టుకున్నాడు, తర్వాత వెనక్కి పెట్టుకున్నాడు, తర్వాత కిందికి వదిలేశాడు.

"రెక్కలు ఎలా పెట్టమంటారు?" అని అడిగాడు.